మూడు ముళ్ల వైరు

కంటి బండి నుంచి
జూన్ 2

మామయ్యా,

ఈ ఉత్తరం చివరిదాకా చదివేంతవరకూ తిట్టనని ముందు ఒప్పుకో. ఒప్పుకున్నావా? సరే, చెబుతున్నా. నిన్న నేను బండి యాక్సిలరేటర్ మీద ఇటుక పెట్టాను.

ఎందుకు పెట్టానో విను. నా డీజిల్ పికప్ సంగతి నీకు తెలుసుగా. ముందు సీట్లో నేనే డ్రైవర్ని, వెనక పెట్టెలాంటి గదిలో కళ్ల పరీక్షలు చేసేదాన్నీ నేనే. కొండ మీది జనం ఆస్పత్రికి రాలేకపోతే ఆస్పత్రే వాళ్ల దగ్గరికి వెళ్లాలని మా పెద్ద డాక్టరమ్మ పట్టుబట్టి కొనిపించిన బండి. లోపల కంటి మిషను, దీపాలు, ఏసీ, మందుల ఫ్రిజ్జు, అన్నీ బండి బ్యాటరీ మీదే బతకాలి. బండి నడుస్తున్నంతసేపూ అంతా బాగానే ఉంటుంది. ఒకచోట నిలబెట్టి ఇంజను ఊరికే ఆన్‌లో ఉంచితే మాత్రం గంట తిరక్కుండానే దీపాలు మసకబారతాయి, మిషను మూలిగి ఆగిపోతుంది. యాక్సిలరేటర్ కాస్త తొక్కి పట్టుకుంటే మళ్లీ ప్రాణం వస్తుంది. నా కాలు ముందు సీట్లో ఉంటే వెనక పరీక్ష ఎవరు చేస్తారు? అందుకే ఇటుక.

గంటన్నర బ్రహ్మాండంగా పనిచేసింది. తర్వాత ఇటుక జారి పెడల్ మీద అడ్డంగా కూర్చుంది. ఇంజను వేసిన కేకకి కుర్చీలో ఉన్న దర్జీ ఆవిడ, ముక్కు మీద పరీక్ష కళ్లజోడు అలాగే ఉంచుకుని, మెట్లు దిగి వీధి చివరిదాకా పరుగెత్తింది. ఆవిడకి దగ్గరి చూపు తగ్గింది గానీ కాళ్లు మాత్రం భేషుగ్గా ఉన్నాయి.

నవ్వొచ్చే సంగతి ఇంకొకటి. మొన్న ఒక మీసాలాయన కర్మాగారంలో వైరింగ్ పనికి రంగుల పరీక్ష సర్టిఫికెట్ కావాలని వచ్చాడు. రంగు చుక్కల మధ్య అంకెలు దాచిపెట్టిన పుస్తకం ఉంటుంది, అది చూపించాను. నేను పేజీ తిప్పకముందే అంకె చెప్పేస్తున్నాడు! వాళ్లావిడ ఎక్కడో పుస్తకం సంపాదించి వరసంతా బట్టీ పట్టించిందట. నేను పుస్తకం వెనక నుంచి తిప్పాను. అంతే, ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. నాకు నవ్వాగలేదు మామయ్యా. సర్టిఫికెట్ ఇవ్వలేదనుకో.

అసలు విషయానికొస్తా. జూలై పన్నెండున డాక్టరమ్మ బండిని చూడటానికి వస్తున్నారు. పొద్దుట నుంచి సాయంత్రం దాకా మిషను ఆగకుండా పనిచేస్తే బండి ఉంటుంది. ఆగిందో, బండిని వెనక్కి తీసుకుంటారు, నన్ను కింద ఆస్పత్రిలో చీటీలు రాసే బల్ల దగ్గర కూర్చోబెడతారు. ఏం చెయ్యాలో రాయి. ఇక్కడ ఫోను పలకదు, పలికినా నువ్వు ఫోన్లో అరుస్తావు.

ఇటుక తీసేశాను. ఒట్టు.

నీ ఫ్యూజు


షెడ్డు నుంచి
జూన్ 6

ఏమే ఫ్యూజూ,

తిట్టనని నేను ఒప్పుకోలేదు. ఇటుకా? నా మేనకోడలివై ఉండి ఇటుకా? ఆరేళ్లప్పుడు స్క్రూడ్రైవర్ తెచ్చి బ్యాటరీ రెండు కొనల మీదా అడ్డంగా పెట్టి నా షెడ్డంతా మెరుపులు పుట్టించావు చూడు, ఆ రోజే అనుకున్నాను, ఈ పిల్ల ఎప్పటికైనా నా ప్రాణం తీస్తుందని. పేరు సరిగ్గానే పెట్టాను.

తిట్టడం అయింది. ఇప్పుడు పని చూద్దాం.

బండిలో లోపమేం లేదు. నిలబడినప్పుడు ఇంజను నిమిషానికి ఏడొందల యాభై చుట్లు తిరుగుతుంది. ఆ తిరుగుడుకి ఆల్టర్నేటర్ ఇచ్చే కరెంటు నీ దుకాణానికి చాలదు. అదే పన్నెండొందలకి పెంచి అక్కడే నిలబెడితే రోజంతా చాలుతుంది. దానికి ఇటుక అక్కర్లేదు. హై ఐడిల్ స్విచ్ అని ఒకటుంటుంది. నీ మోడల్ బండికి కంప్యూటర్లో ఆ ఏర్పాటు కంపెనీవాళ్లే చేసి పెట్టారు, స్విచ్ మాత్రం ఇవ్వలేదు. స్టీరింగ్ కింద, పెడళ్లకు పైన, నల్లటేపు చుట్టిన వైర్ల కట్ట ఒకటి దేనికీ కలపకుండా వేలాడుతుంటుంది. అందులో ఎడమ నుంచి మూడోది మనకు కావలసిన వైరు. తాళం తిప్పితే కరెంటొచ్చే వైరు నుంచి ఒక ఫ్యూజు, ఒక స్విచ్, ఒక రెసిస్టర్ మీదుగా తెచ్చి దానికి కలపడమే. హ్యాండ్‌బ్రేకు లాగి, గేరు న్యూట్రల్లో ఉంచి స్విచ్ నొక్కితే చుట్లు పెరుగుతాయి. బ్రేకు తొక్కగానే వాటంతటవే దిగిపోతాయి. బండి నిన్ను వదిలి పారిపోదు.

కలిపే ముందు ప్రతి వైరూ మీటరు పెట్టి చూసుకో. నా షెడ్డులో గోడ మీద ఏం రాసుంటుంది? రంగు నమ్మకు, మీటరు నమ్ము. నలభై ఏళ్లలో నా చేతి మీద ఒక్క బండి కాలలేదంటే అందుకే.

ఇక ఆ మీసాలాయన సంగతి. నవ్వావా? పాపం, ఒకడి పొట్టకొట్టి నవ్వడమేమిటే? చుక్కల్లో అంకెలు కనిపించకపోతే వాడికి పని రానట్టేనా? వైరు కలపడానికి చుక్కలెందుకు? మీ చదువులు మీరూనూ. ఈ ముక్క రాయకూడదనుకున్నాను, రాశాను. కొట్టెయ్యను.

నువ్వు పికప్ నడుపుకుంటూ కొండలెక్కి జనం కళ్లు చూస్తున్నావని షెడ్డుకొచ్చిన ప్రతి లారీవాడికీ చెబుతుంటాను. వద్దన్నా వినిపిస్తాను. ఆ బండిని వెనక్కి పోనివ్వను.

మీ మామయ్య


కంటి బండి నుంచి
జూన్ 10

మామయ్యా,

స్విచ్ కొన్నాను, రెసిస్టరూ ఫ్యూజూ దొరికాయి. డాష్‌బోర్డు కింద వెల్లకిలా పడుకుని, నోట్లో టార్చి పెట్టుకుని, నువ్వు చెప్పిన కట్ట పట్టుకున్నాను. తీరా చూస్తే ఎవరో మహానుభావుడు నాకన్నా ముందే టేపు ఊడదీసి వదిలేశాడు. ఆరు వైర్లు, దువ్వని జుట్టులా చిక్కుపడి ఉన్నాయి. ఎడమ లేదు, కుడి లేదు, మూడోది అసలే లేదు.

మీటరు మాత్రం ఈ కొండ మీద ఎక్కడా దొరకలేదు. పోనీలే, చిన్న పనే కదా. ఏ రంగు వైరో ఒక్క మాట రాసెయ్. గోధుమరంగు, ఆకుపచ్చ, పసుపు, నీలం, తెలుపు, నలుపు ఉన్నాయి.

మీసాలాయన గురించి అంత కోపమెందుకు? నేను రూలు ప్రకారమే చేశాను. నీ కోపం ఇటుక మీదిదని, తిన్నగా నన్ననలేక అటు తిప్పావని నాకు తెలుసులే.

నీ ఫ్యూజు


షెడ్డు నుంచి
జూన్ 14

ఫ్యూజూ,

రంగులడగడం బట్టల కొట్లో చెయ్యాల్సిన పని. వైర్ల దగ్గర చెయ్యాల్సింది కాదు. మీటరు కొనుక్కో.

అదీ కుదరదంటే కొన్నాళ్లు ఆగు. అచ్చం నీ మోడల్ బండే ఒకటి మన షెడ్డులో ఉంది, కట్ట కూడా విప్పి చూశాను, మూడో వైరు కళ్లెదురుగానే ఉంది. కానీ మీ అత్తయ్య ఊళ్లో లేదు. వాళ్ల చెల్లెలు మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకుంటే సాయానికి వెళ్లింది. జూలై ఒకటికి వస్తుంది. రాగానే నీకు రాస్తాను.

ఇంట్లో వంట నేనే. తిన్నవాణ్ణి కూడా నేనే కాబట్టి ఎవరూ తప్పు పట్టలేదు.

మీ మామయ్య


కంటి బండి నుంచి
జూన్ 18

మామయ్యా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. వైరు నీ కళ్లెదురుగా ఉంది. రంగు చెప్పడానికి అత్తయ్య ఊరి నుంచి రావాలి. ఇదేమైనా ముహూర్తమా?

మీటరు కొనుక్కోమన్నావు. కొండ దిగి ఎక్కాలంటే నాకు ఒక రోజు పోతుంది. ఆ రోజు ఇక్కడ అరవై మంది నా కోసం కూర్చుంటారు. నిన్న కూడా మిషను నాలుగుసార్లు ఆగింది. ఒక పంతులమ్మకి ఎడమ కన్ను చూశాను, కుడి కన్ను చూసేలోపు చీకటి. "సగం కళ్లజోడు ఇస్తావా అమ్మాయ్?" అందావిడ. ఆవిడ నవ్వింది గానీ నాకు ఏడుపొచ్చింది. పన్నెండో తారీఖు ఎంతో దూరం లేదు.

నాకేమనిపిస్తోందో చెప్పనా? నేను నీ దగ్గర పని నేర్చుకోకుండా కళ్ల చదువుకి వెళ్లానని నీకు ఇంకా మనసులో ఉంది. నేను మళ్లీ మళ్లీ అడగాలి, బతిమాలాలి, అప్పుడు చెబుతావు. అమ్మ ఊరికే అనదు. కరెంటాఫీసు వాళ్లు పిలిచి ఉద్యోగమిస్తామంటే 'ఒకడి కింద పనిచెయ్యను' అని పరీక్షల చివరి రోజు లేచొచ్చేశావట. ఆ రోజు నుంచే నీకు కళ్లు నెత్తికెక్కాయని అమ్మ నలభై ఏళ్లుగా అంటోంది. నేనెప్పుడూ నీ పక్షమే మాట్లాడాను. ఈసారి మాట్లాడబుద్ధి కావడం లేదు.

ఒక్క రంగు మామయ్యా. ఒక్క మాట.

ఫ్యూజు


షెడ్డు నుంచి
జూన్ 22

అమ్మాయికి,

ఆకుపచ్చది.

మీ అమ్మ అన్నదంతా నిజమే అనుకో.

మామయ్య


కంటి బండి నుంచి
జూన్ 26

మామయ్యా,

వెనక గది వైరు నుంచే కరెంటు తీసుకుని ఆకుపచ్చదానికి కలిపాను. వైర్ల కొసలు కూడా నువ్వు నేర్పినట్టే మెలేశాను, టేపు చుట్టాను, స్విచ్ డాష్‌బోర్డులో అందంగా బిగించాను. పొద్దున్నే అందరూ వరసలో నిలబడ్డాక, గొప్పగా, "ఇవాళ్టి నుంచి మన మిషను ఆగదు" అని చెప్పి మరీ నొక్కాను.

హారన్ మోగింది.

నొక్కితే మోగింది, తీస్తే మోగింది, బ్రేకు తొక్కితే మోగింది. వరసలో ఉన్నవాళ్లు చెవులు మూసుకున్నారు. ఎక్కడి కుక్కలో వచ్చి బండి చుట్టూ నిలబడి దానికి బదులు చెప్పాయి. చివరికి ఏదో కాలిన వాసన వచ్చి, ఫ్యూజు పోయి, హారన్‌తో పాటు వెనక గది మొత్తం చచ్చింది. ఇరవై ముగ్గురిని వెనక్కి పంపాను. రెండు గంటలు నడిచొచ్చిన తాతగారు ఒకాయన, "పర్లేదమ్మా, మళ్లీ నడుస్తా" అన్నాడు. ఆయన నన్ను తిట్టుంటే బాగుండేది.

నీ మీద ఎంత నమ్మకంతో కలిపానో తెలుసా? కట్ట నీ ఎదురుగా ఉందన్నావు కదా. అసలు కళ్లు పెట్టి చూశావా, గుడ్డిగా రాసేశావా? నా మీద కోపముంటే నన్నను. ఆ తాతగారి మీద ఎందుకు తీర్చుకోవాలి?

ఫ్యూజు మార్చాను, గది మళ్లీ వెలిగింది. ఆ స్విచ్ జోలికి ఇక వెళ్లను. పన్నెండున ఏమవుతుందో అదే అవుతుంది. చీటీలు రాసే బల్ల దగ్గర ఫ్యాన్ ఉందట.

మీ అమ్మాయి


షెడ్డు నుంచి
జూలై 4

ఫ్యూజూ,

తప్పు నాది. పూర్తిగా నాదే. నీ మీద కోపంతో రాయలేదు, పంతంతోనూ రాయలేదు. ఇంతకన్నా ఇప్పుడు రాయలేను. ఆ తాతగారు మళ్లీ వస్తే నా తరఫున దండం పెట్టి, ముందు ఆయన కళ్లు చూడు.

పార్సిల్ విప్పావు కదా. అందులో ఉన్నది నా మీటరు. తోలు పెట్టె చిరిగింది, కుట్టించాను. నలభై ఏళ్లుగా నా చేతిలో ఉన్నది, అది ఇంతవరకూ నాకు అబద్ధం చెప్పలేదు. ఇప్పుడు నేను చెప్పినట్టు చెయ్యి. రంగు చూడకు. కావాలంటే టార్చి ఆర్పేసి చెయ్యి.

ముందు ఆ ఆకుపచ్చ వైరు విప్పి కొసకి టేపు చుట్టు. మీటరు నల్ల పుల్ల బండి ఇనుముకి ఆనించు. ఇంకో పుల్ల ఒక్కో వైరుకి తగిలించి ముల్లు చూడు. తాళం తిప్పకపోయినా పన్నెండు వోల్టులు చూపించే వైరుకి దారంతో ఒక ముడి వెయ్యి. అది బ్యాటరీది, దాని జోలికి పోకు. తాళం తిప్పితేనే పన్నెండుకొచ్చి, తీస్తే సున్నాకి పోయేదానికి రెండు ముళ్లు. తాళం తిప్పినప్పుడు పన్నెండుదాకా పోకుండా ఐదు దగ్గరే నిలబడేది ఒక్కటే ఒక్కటి ఉంటుంది. దానికి మూడు ముళ్లు. అదే మన వైరు. మిగతావి ఏమీ చూపించకపోతే వాటి ఖర్మ, టేపు చుట్టి వదిలెయ్.

స్విచ్, ఫ్యూజు, రెసిస్టర్ నేనే బిగించి పంపుతున్నాను. దాని రెండు కొసలకీ ముళ్లేసి ఉన్నాయి. రెండు ముళ్లది రెండు ముళ్లదానికి, మూడు ముళ్లది మూడు ముళ్లదానికి కలుపు. తప్పు చేద్దామన్నా కుదరదు. నీకన్నా ముందు నీ బండికి మూడు ముళ్లు పడుతున్నాయి, మీ అమ్మ వింటే గొడవ.

ఆ స్విచ్ జోలికి వెళ్లనన్నావు. వెళ్లు. నా మాట మీద నమ్మకం పోయుంటే పోనీ, మీటరు మాట విను.

మీ మామయ్య

కింద ఈ రెండు ముక్కలూ నేను రాస్తున్నానమ్మా, మీ అత్తయ్యని. ఆయన మూడు రోజుల్నించి అన్నం సరిగ్గా తినలేదు. నువ్వు బండి బాగుచేసుకుని, బాగైందని వెంటనే రాయి. ఇంకెప్పుడైనా నేను ఊళ్లో లేనప్పుడు ఆయన్ని రంగులు మాత్రం అడగకు తల్లీ.


కంటి బండి నుంచి
జూలై 13

మామయ్యా, మా మంచి మామయ్యా,

తిరుగుతోంది! నిమిషానికి పన్నెండొందలు, సూది కదలడం లేదు. ఆ చప్పుడు ఎంత బాగుందో నీకెలా చెప్పను? గొణుగుడు పోయి, ధీమాగా గొంతు సవరించుకున్నట్టు ఉంది. నిన్న పొద్దున ఎనిమిదికి నొక్కాను, సాయంత్రం ఐదున్నరకి బ్రేకు తొక్కి దించాను. ఏసీ ఆగలేదు, దీపం మిణకలేదు, మిషను ఒక్కసారి కూడా మూలగలేదు. డెబ్బై ఒక్కమందిని చూశాను. మొదటి కుర్చీ తాతగారికే. ఆయనకి నీ దండం చెప్పాను. "మీ మామయ్య పెద్దమనిషి" అన్నాడు. అవునన్నాను.

డాక్టరమ్మ వెంట ఆస్పత్రి మెకానిక్ వచ్చాడు. సామాన్యంగా దేన్నీ మెచ్చుకునే మనిషి కాదు. డాష్‌బోర్డు కింద దూరి, చాలాసేపు బయటికి రాలేదు. చివరికి లోపల్నుంచే అరిచాడు: "ఈ ముళ్లేంటమ్మా?"

"మా మామయ్య పద్ధతండీ," అన్నాను. "ఆయన రంగులు నమ్మడు."

బయటికొచ్చి చేతులు తుడుచుకుని, "చీకట్లో కూడా తప్పు జరగని పని. మన బండ్లన్నిటికీ ఇలాగే ముళ్లేయిస్తా," అన్నాడు డాక్టరమ్మతో. ఆవిడ నా వైపు తిరిగి, "మరి చేసిందెవరు?" అంది. నేనే చేశానని చెప్పాను. నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు. బండి ఉంటోంది మామయ్యా. ఇంకొక బండి కూడా కొంటారట, దానికి స్విచ్ నన్నే పెట్టమన్నారు.

ఇప్పుడు రెండో సంగతి. ఇది రాయడానికి రెండు కాగితాలు చింపాను.

ముళ్లేస్తూ వేస్తూ చూశాను. ఐదు దగ్గర నిలబడ్డ వైరు గోధుమరంగుది. ఆకుపచ్చది కాదు. గోధుమరంగూ ఆకుపచ్చా ఎవరికి ఒక్కలా కనిపిస్తాయో చెప్పడం నా ఉద్యోగం. అత్తయ్య రాసిన ముక్క మళ్లీ చదివాను. చేతిలో దారం అలాగే పట్టుకుని కింద కూర్చుండిపోయాను. మూడో క్లాసులో నేను ఆకుపచ్చ రిబ్బన్లు తెమ్మంటే గోధుమరంగువి తెచ్చి, ఇదే కొత్త ఫ్యాషనని బుకాయించావు గుర్తుందా? షెడ్డులో నీ పక్కన అత్తయ్య స్టూలు. "ఇది ఎరుపండీ, అది పచ్చండీ" అని ఆవిడ ఊసుపోక మాట్లాడుతోందని అనుకునేదాన్ని. నీ బీరువా నిండా తెల్ల చొక్కాలే. కొన్ని వేల కళ్లు చూశాను మామయ్యా, ఇంట్లో కళ్లు చూడలేదు. నీకు గుడ్డిగా రాశావా అని రాశాను. కళ్లు నెత్తికెక్కాయని రాశాను. ఆ మీసాలాయన్ని చూసి నవ్వానని నీకే రాశాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

రంగులు తెలిసినవాళ్లు రంగు చూసి కలిపేస్తారు, బండ్లు కాలబెడతారు. నువ్వు ఒక్కో వైరునీ పలకరించి, అది ఎవరో కనుక్కుని కలిపావు. నలభై ఏళ్లు, ఒక్క బండి కాలకుండా. ఇంతకన్నా గొప్ప పనివాణ్ణి నేను చూడలేదు. మా మామయ్య అని చెప్పుకునేటప్పుడు ఇదివరకు కూడా గర్వంగానే ఉండేది, కానీ ఎందుకో సరిగ్గా తెలిసేది కాదు.

కవర్లో ఒక పేజీ పెట్టాను. పాత చుక్కల పుస్తకం అట్ట ఊడితే కొత్తది ఇచ్చారు, ఇది పాతదాన్లోది. నీకు ఏ అంకె కనిపిస్తే అది రాయి. రాయాలనిపించకపోతే ఆ పేజీ చించెయ్, నేను మళ్లీ అడగను, ఎవరికీ చెప్పను, అమ్మకి కూడా.

నీ ఫ్యూజు


షెడ్డు నుంచి
జూలై 18

ఫ్యూజూ తల్లీ,

ఉత్తరం నిలబడి చదివాను, కూర్చుని ఇంకోసారి చదివాను. డెబ్బై ఒక్కమంది అన్న చోట ఆపి, పక్క షాపువాణ్ణి పిలిచి మరీ చదివి వినిపించాను. ఆ తర్వాతి భాగం చదివి వినిపించలేదులే. 'మా మామయ్య పద్ధతి' అన్న దగ్గర మీ అత్తయ్య కళ్లు తుడుచుకుంది. నేను తుడుచుకోలేదు. నా కళ్లలో పడింది డీజిల్ పొగ.

ఆ కరెంటాఫీసు సంగతి విను. స్తంభం ఎక్కడంలో నేనే ఫస్టు. వైరు కలపడంలో నేనే ఫస్టు. చివర్లో ఒక గదిలో కూర్చోబెట్టి చుక్కల పుస్తకం తెరిచారు. ఒక పేజీ చూపించి ఎంత అన్నాడు ఎదురుగా కూర్చున్న ఆఫీసరు. నాకు కనిపించింది చెప్పాను. ఆయన పక్కాయన్ని పిలిచి, నా చేత మళ్లీ చెప్పించి, ఇద్దరూ నవ్వారు. అప్పటిదాకా నాకు తెలియదే. లోకమంతా నాలాగే చూస్తోందనుకున్నాను. ఇంటికొచ్చి మీ అమ్మతో 'ఒకడి కింద పనిచెయ్యను' అన్నాను. చేతకానివాడనిపించుకోవడం కన్నా పొగరుబోతనిపించుకోవడం నయమనిపించింది. అక్క తిట్టిన ప్రతిసారీ, పోనీలే, అసలు సంగతి తెలియదు కదా అని సంతోషపడేవాణ్ణి. నా కళ్లు నెత్తికెక్కలేదు తల్లీ, ఉన్నచోటే ఉన్నాయి. రంగులే ఒకదాన్లో ఒకటి కలిసిపోయాయి.

పెళ్లైన వారానికే మీ అత్తయ్య కనిపెట్టేసింది. మర్నాడు స్టూలు పట్టుకొచ్చి షెడ్డులో నా పక్కన వేసుకుంది. మూడు ముళ్లేసి నాకు రంగులు చెప్పే కళ్లు తెచ్చుకున్నానని అప్పుడు తెలిసింది. నువ్వడిగిన రోజు ఆ స్టూలు ఖాళీగా ఉంది. పక్క షాపువాణ్ణి అడగొచ్చు. కానీ నలభై ఏళ్లుగా నన్ను సలహాలడిగేవాడి దగ్గరికెళ్లి, ఈ వైరు ఏ రంగురా అని ఎలా అడగను? ఆ వైరు నాకు ఆకులాగే కనిపించింది. సరే అదే అనుకుని రాసేశాను. నా పరువు కాపాడుకోవడానికి నీ ఇరవై ముగ్గురిని వెనక్కి పంపించాను. గోడ మీద రాసుకున్న మాట నేనే తప్పాను.

ఆ మీసాలాయన ఎక్కడుంటాడో కనుక్కో. కనుక్కుని నా దగ్గరికి పంపు. సర్టిఫికెట్ నేనివ్వలేను గానీ, మీటరు పట్టుకోవడం నేర్పుతాను, ముళ్లెయ్యడం నేర్పుతాను. నాలాంటివాడే అని నేనే చెబుతాను. అక్కకి కూడా ఆదివారం వెళ్లి నేనే చెబుతాను. తిట్టడానికి ఇంకేం మిగల్లేదని కాసేపు బాధపడుతుంది పాపం.

మీటరు నీ దగ్గరే ఉంచుకో. రెండో బండికి కావాలి. నేను కొత్తది కొనుక్కున్నాను, దానికి నా చెయ్యి ఇంకా అలవాటు కాలేదు.

ఇక నువ్వు పంపిన పేజీ. మీ అత్తయ్య నా భుజం మీంచి తొంగి చూసి, అలవాటు ప్రకారం, "డెబ్బై నాలుగండీ" అంది. కానీ నువ్వడిగింది ఆవిణ్ణి కాదు. ఆ రోజు ఆ గదిలో నా ముందు పెట్టిన పేజీ కూడా ఇదేనే. నాకు అప్పుడేం కనిపించిందో ఇప్పుడూ అదే కనిపిస్తోంది. ఈసారి నవ్వేవాళ్లెవరూ లేరు కాబట్టి పెద్ద అక్షరాలతో రాస్తున్నాను.

ఇరవై ఒకటి.

మీ మామయ్య,
ఎలక్ట్రీషియన్